తరం దాటిన స్నేహం, తీరిన పగ

“పగవాడికి కూడా ఈ కష్టం రాకూడదు” అంటారు మన పెద్దలు. ఎన్నోసార్లు విన్నమాటే గాని ఒకసారి నిలిచి ఆలోచిస్తే అందులో ఒక విశేషం కనబడుతుంది. ఆ మాట అన్నవాడికి పగవాడున్నాడు. అయినా ఆ పగవాడి మీద కూడా మనసు మూలన ఎక్కడో కాస్త జాలి మిగిలి ఉంది. ఆ కాస్త జాలిని బయటికి తెచ్చేది ఎవరు? దాన్ని క్షమగా పండించేది ఏది?

మేము సైన్సు విద్యార్థులం. అణువుతో అణువు ఎలా కలుస్తుందో, ఎంత శక్తి పెడితే ఆ బంధం తెగుతుందో లెక్కగట్టి చెప్పగలం. కాని తెగిపోయిన రెండు ఇండ్లు మళ్లీ ఎలా కలుస్తాయో చెప్పే పాఠం మా సిలబస్‌లో లేదు. ఈ వ్యాసంలో ఆ సంగతే నాకు తెలిసినంతలో వివరించాలని ప్రయత్నం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పగ తీరడానికి చాలాసార్లు ఒక వింత స్నేహం దారి వేస్తుంది. ఆ స్నేహం ఒక ముసలివాడికీ ఒక పిల్లవాడికీ మధ్య, ఎవరూ అనుకోని చోట పుడుతుంది. దీనికి నాలుగు ఉదాహరణలు ఇస్తాను. ఒకటి మా ఆదోని ప్రాంతంలో అందరూ చెప్పుకునేది, రెండు దూరదేశాలవి, చివరిది నేను కండ్లారా చూసినది.

ఆదోని కోట కింద కథ

మంత్రాలయం పేరు తెలియని తెలుగువాడు ఉండడు. తుంగభద్ర ఒడ్డున ఒకప్పుడు మంచాల అనే చిన్న ఊరు అది. శ్రీ రాఘవేంద్రస్వామి తమిళదేశంలోని భువనగిరిలో పుట్టారు. 1621లో తంజావూరులో సన్యాసం తీసుకున్నారు. 1671లో మంచాలలో బృందావన ప్రవేశం చేశారు. అంటే పీఠం మీద ఉన్నది యాభై ఏండ్లు. ఆయన ఆదోని వైపు తిరిగిన కాలానికి ముసలితనం వచ్చేసిందనే అనుకోవాలి.

ఆ రోజుల్లో ఆదోని బిజాపూరు సుల్తానుల ఏలుబడిలో ఉండేది. వారి తరఫున 1662 నుంచి సిద్ది మసూద్ ఖాన్ ఇక్కడ అధికారం చేశాడు. సిద్ది అంటే హబ్షీ, ఆఫ్రికా నుంచి వచ్చిన వంశం. ఆదోనిలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. ఆ రాతిపని చూసినవారికి ఆయన దర్జా ఎలాంటిదో చెప్పనక్కరలేదు.

ఈ ఇద్దరి మధ్య మూడో మనిషి ఒకడున్నాడు. పేరు వెంకన్న. తల్లిదండ్రులు లేని పిల్లవాడు, మేనమామ ఇంట్లో పెరిగాడు. మేనమామ చదువు చెప్పించలేదు, పశువుల వెంట పంపాడు. స్వామి ఆ దారిన పోతూ ఈ పిల్లవాణ్ణి చూసి పలకరించారట. వాడు తన కష్టమంతా చెప్పుకున్నాడట. “ఆపద వచ్చినప్పుడు నన్ను తలుచుకో” అని చెప్పి స్వామి అక్షతలు ఇచ్చి పోయారట.

కొంతకాలానికి నవాబు గుర్రం మీద ఆ దారిన వచ్చాడు. చేతికి ఏదో ఉత్తరం అందింది. అది చదివేవారు పక్కన లేరు. ఎదురుగా బ్రాహ్మణ పిల్లవాడు కనిపించేసరికి చదవమన్నాడు. “నాకు చదువు రాదు” అంటే నవాబు నమ్మలేదు. పొగరుతో అంటున్నాడనుకుని, చదవకపోతే శిక్ష తప్పదని బెదిరించాడు. పిల్లవాడు స్వామిని తలుచుకున్నాడు, ఉత్తరం గడగడా చదివేశాడు. అందులో శుభవార్త ఉంది. నవాబు సంతోషపడి వాణ్ణి వెంట తీసుకుపోయి కొలువిచ్చాడు. ఆ వెంకన్నే తరువాత ఆదోని దివాను వెంకన్న పంతులు అయ్యాడు.

దివాను అయ్యాక వెంకన్న స్వామిని ఆదోనికి పిలిపించాడు. నవాబుకు స్వామి మహిమ మీద నమ్మకం లేదు. మాంసం పెట్టిన పళ్లెం మీద గుడ్డ కప్పి, కానుక అని చెప్పి స్వామి ముందు పెట్టించాడు. స్వామి నీళ్లు చల్లి గుడ్డ తీయించగా అవి పండ్లయ్యాయని కథ. నవాబు సిగ్గుపడి తప్పు ఒప్పుకున్నాడు. ఏ ఊరు కావాలో కోరుకోమన్నాడు. స్వామి మంచాల అడిగారు. అదే ఈనాటి మంత్రాలయం.

చరిత్ర ఎంత, కథ ఎంత

సైన్సు విద్యార్థి ఇలాంటి కథ చెబుతున్నాడేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మాంసం పండ్లు కావడాన్ని నేను ప్రయోగశాలలో చూపలేను. ఉత్తరం చదవడం సంగతీ అంతే. సిద్ది మసూద్ ఆదోనిని ఏలడం చరిత్ర, స్వామి మంచాలలో బృందావనస్థులు కావడం చరిత్ర. మిగిలినదాన్ని నమ్మేవారు నమ్ముతారు. నేను అడిగేది వేరే ప్రశ్న. మూడు వందల ఏండ్లకు పైగా ఈ ప్రాంతపు జనం ఈ కథను వదలకుండా ఎందుకు చెప్పుకుంటున్నారు?

కథలోంచి మహిమలు తీసివేసి చూడండి. అప్పటికీ మూడు సంగతులు మిగులుతాయి. మొదటిది, పీఠాధిపతి అయిన ఒక పెద్దాయన పశువులు కాసే పిల్లవాడి దగ్గర ఆగి వాడి కష్టం పూర్తిగా విన్నాడు. రెండవది, ఆ పిల్లవాడు పెద్దవాడై అధికారం చేతికి వచ్చాక, తనను బెదిరించిన నవాబునే మనసులో శత్రువుగా పెట్టుకోకుండా ఆయనకు నమ్మకమైన దివానుగా పనిచేశాడు. మూడవది, అవమానం చేసిన నవాబును స్వామి శపించలేదు, తప్పు ఒప్పుకోవడానికి చోటిచ్చారు. అవమానం జరిగిన ఆ సభలోనే దానమూ జరిగింది. ఒక మతం వాడు ఇచ్చిన నేల మీద ఇంకొక మతం వారి క్షేత్రం వెలిసింది. పీర్ల పండుగకు అన్ని కులాలవాళ్లూ చావడి ముందు చేరే మా పల్లెల్లో ఈ కథ నిలిచిందంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

అసలు కీలకం వెంకన్న దగ్గర ఉంది. స్వామికీ నవాబుకూ నడుమ వంతెన వేసినది పండితులూ సేనాపతులూ కాదు, ఇద్దరికంటే చిన్నవాడు, ఇద్దరి దగ్గరా చనువున్నవాడు. తరం తేడా స్నేహానికి ఉన్న బలం అదే.

మన్రో గురించి కూడా ఇలాంటి కథే ఒకటి ఉంది. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలాక 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, మఠం భూముల తగాదా విచారణకు మంత్రాలయం వచ్చి, బృందావనం ముందు నిలబడి కనబడని స్వామితో మాట్లాడాడని, ఆ భూములు మఠానికే ఉండనిచ్చాడని జనం చెప్పుకుంటారు. ఆ మన్రోయే 1820లో మద్రాసు గవర్నరై, 1827లో మా జిల్లా పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ఏలవచ్చిన తెల్లదొర సైతం ఒక పెద్దాయన మాట విన్నాడని చెప్పుకోవడంలో మనవాళ్లకు ఒక తృప్తి ఉంది. వినడం అనే గుణాన్ని మన జనం అంత పెద్దగా చూశారు.

తాతకూ మనవడికీ ఎందుకు కుదురుతుంది

ఇది మన అనుభవంలో ఉన్న సంగతే. నాయనతో చెప్పలేనిది తాతతో చెబుతాం. నాయనకు మన మీద బాధ్యత ఉంది, బాధ్యత ఉన్నచోట అదలింపు ఉంటుంది. తాతకు ఆ బరువు తీరిపోయింది. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో రాసిన ఒక వ్యాసంలో ఈ విషయం చర్చించాడు. ఎన్నో సమాజాల్లో పక్క పక్క తరాల మధ్య భయభక్తులు ఉంటాయి, ఒక తరం వదిలి ఇంకొక తరంతో పరిహాసం, చనువు ఉంటాయి. తాతామనవళ్ల ఎగతాళి మాటలు మన ఇండ్లలోనే కాదు, లోకమంతా ఉన్నాయన్నమాట.

ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లో వెలువరించిన పుస్తకంలో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విడదీశాడు. చివరి దశలో మనిషి వెనక్కి తిరిగి తన బ్రతుకు లెక్క చూసుకుంటాడు. ఆ లెక్క కుదిరితే నిబ్బరం, కుదరకపోతే నిరాశ. ఏనాడో చేసిన తప్పు గొంతులో ముల్లులా ఉన్న ముసలివాడికి ఆ లెక్క కుదరదు. దాన్ని ఎవరి దగ్గరైనా చెప్పుకోవాలి. ఈడువాళ్లకు చెబితే పరువు పోతుంది. కొడుకులకు చెబితే వాళ్లు కర్ర తీస్తారు, లేదా “ఊరుకో” అంటారు. మిగిలేది పిల్లవాడే. పిల్లవాడికేమో, పెద్దవాళ్లు తన చేతికి అప్పగించిన పగ ఎందుకొచ్చిందో తెలియదు. ఒకరికి చెప్పుకోవాలని ఉంటుంది, ఇంకొకరికి తెలుసుకోవాలని ఉంటుంది. స్నేహం అక్కడ పడుతుంది.

ఎమ్మిగనూరు వాళ్లకు ఈ సంగతి మగ్గం మీద చెబితే ఇంకా తేలికగా అర్థమవుతుంది. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టి పేరు తెచ్చిన ఊరు అది. మగ్గం మీద నిలువుగా సాగేది పడుగు, అడ్డంగా నడిచేది పేక. ముందు తరం పడుగు అనుకుంటే ఇప్పటి తరం పేక. పడుగులో పోగు తెగితే నేతగాడు ఆ పడుగంతా పారేయడు. పని ఆపి, రెండు కొసలూ వెదికి పట్టుకుని, ముడి వేసి మళ్లీ నేస్తాడు. ముడి కనబడుతుంది, బట్ట మాత్రం నిలుస్తుంది.

పగ ఒంటిని ఏం చేస్తుంది

పగ పట్టినవాడు ఎదుటివాడిని కాల్చాలనుకుంటాడు గాని ముందు కాలేది తన ఒళ్లే. ఇది నీతిబోధ కాదు, శరీరధర్మం. కోపం వచ్చినప్పుడు మన మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ఎదురుగా పులి ఉన్నప్పుడు ఇది ప్రాణరక్ష. పులి పోయాక ఒళ్లు చల్లబడాలి. కాని పగలో పులి పోదు. గట్టు మీద ఆ మనిషి కనబడిన ప్రతిసారీ, పేరు వినబడిన ప్రతిసారీ అదే వేడి తిరిగి పుడుతుంది.

అమెరికాలో విట్వ్‌లియెట్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2001లో ప్రకటించిన ఒక ప్రయోగం మనబోటి కాలేజీ విద్యార్థుల మీదే జరిగింది. 71 మందిని తమకు అన్యాయం చేసిన మనిషిని తలుచుకోమన్నారు. కాసేపు పగను నెమరువేయమన్నారు, కాసేపు ఆ మనిషిని క్షమించినట్లు ఊహించమన్నారు. పగను నెమరువేసినప్పుడు గుండె వేగం, రక్తపోటు, చర్మం మీది చెమట, నుదుటి కండరాల బిగింపు ఎక్కువయ్యాయి. క్షమను ఊహించినప్పుడు తగ్గాయి. ఊహకే ఇంత తేడా ఉంటే నిజంగా ఏండ్ల తరబడి మోసేవాడి సంగతి ఏమిటో ఆలోచించండి.

హరారేలో బెంచీ, గుగులెతులో అవ్వ

సిద్ది మసూద్ పూర్వులు వచ్చిన ఆఫ్రికా ఖండంలోనే మన కాలంలో రెండు మంచి ఉదాహరణలు దొరుకుతాయి.

జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడున్నాడు. ఆయన దగ్గర చూపించుకున్న ఒక యువతి, ఆసుపత్రికి మళ్లీ రావడానికి బస్సు ఛార్జీలు లేక ఇంటివద్దే ఆగిపోయి, చివరకు ప్రాణం తీసుకుంది. అది ఆయనను కుదిపివేసింది. దేశంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మరి జనం దగ్గరికి పోయేదెవరు? 2006లో ఆయన 14 మంది అవ్వలను చేరదీసి, ఎదుటివాళ్ల కష్టం ఎలా వినాలో, చిక్కుల్లోంచి ఒక చిక్కును పట్టుకుని ఎలా విప్పుకోవాలో వారికి నేర్పించాడు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు నీడన ఒక చెక్క బెంచీ వేశారు. దాని పేరు స్నేహ బెంచీ. అవ్వ ఒక పక్క, కుంగిపోయిన మనిషి ఒక పక్క. 573 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. అవ్వల పక్కన కూర్చున్నవారికి ఆరు నెలల తరువాత దిగులు లక్షణాలు మామూలు వైద్యం పొందినవారికంటే చాలా తక్కువగా ఉన్నాయి. పెద్ద చదువులు లేని అవ్వలు చేసిన పని ఇది. మన రచ్చకట్టకూ ఆ బెంచీకీ తేడా ఎంత? మన రచ్చకట్ట మీద మాటలు ఎక్కువ, వినడం తక్కువ. అంతే తేడా.

రెండవది దక్షిణాఫ్రికా కథ. ఏమీ బీల్ అనే అమెరికా అమ్మాయి అక్కడ చదువుకుంటూ, నల్లవారి ఓటుహక్కు కోసం పనిచేస్తుండేది. 1993 ఆగస్టు 25న కేప్‌టౌన్ దగ్గరి గుగులెతులో, కోపంతో ఊగిపోతున్న ఒక గుంపు ఆమెను తెల్లదని చంపింది. ఆమె వయసు 26. నలుగురు యువకులకు పద్దెనిమిదేండ్ల శిక్ష పడింది. తరువాత సత్య నిర్ధారణ, సయోధ్య సంఘం ముందు వాళ్లు తమ నేరం ఒప్పుకుని క్షమాభిక్ష అడిగారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు దానికి అడ్డు చెప్పలేదు. 1998లో వాళ్లు విడుదలయ్యారు. కథ అక్కడితో ఆగలేదు. ఏమీ పేరిట పెట్టిన సేవాసంస్థలో ఆ నలుగురిలో ఇద్దరు, నొఫెమెలా, పెనీ అనేవాళ్లు, ఉద్యోగంలో చేరారు. తల్లి లిండా బీల్‌ను వాళ్లు “మఖులూ” అని పిలిచేవారు. ఆ భాషలో దాని అర్థం అవ్వ.

ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. కన్నబిడ్డను చంపినవాడు అవ్వా అని పిలిస్తే పలకడమా? మనవల్ల అవుతుందా? అప్పుడే మా ఊరి కాలువ గట్టు గుర్తుకు వచ్చింది. మా సంగతి అంత పెద్దది కాదు. అయినా మాకు అదే పెద్దది.

కాలువ గట్టు మీద

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఒక పల్లె. తుంగభద్ర దిగువ కాలువ నుంచి వచ్చే పిల్లకాలువ చివర మా కయ్యలున్నాయి. చివరి ఆయకట్టు అంటే ఏమిటో రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. పైవాళ్లు తాగి వదిలిన నీళ్లే మాకు దిక్కు.

నేను పుట్టకముందు ఏడాది ఒక రాత్రి, నీళ్ల వంతు దగ్గర మా పెద్దనాయనకూ గట్టుపక్క ఆసామికీ కొట్లాట జరిగింది. ఆయన పార తిప్పి కొట్టినాడు. మా పెద్దనాయన కుడిచేయి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టించినా వంకరగానే అతుక్కుంది. కేసు కోర్టుకు పోయి, వాయిదాలు తిరిగి తిరిగి, చివరకు రాజీ అని కాగితం రాసుకున్నారు. కాగితం మీద రాజీ అయింది గాని రెండిండ్ల మధ్య మాట నిలిచిపోయింది. పెండ్లిండ్లకు పిలుపులు లేవు, చావుకు చూపు లేదు. మాకు చిన్నప్పటి నుంచి “ఆ ఇంటి గడప తొక్కొద్దు” అనే పాఠం ముందు వచ్చింది, అఆలు తరువాత వచ్చినాయి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఒకనాడు బస్సు కోసం రచ్చకట్ట దగ్గర నిలబడి ఉంటే ఆ ఆసామి అక్కడ ఉన్నాడు. అప్పటికే ముసలివాడు, దగ్గు. చేతిలో బ్యాంకు నుంచి వచ్చిన ఇంగ్లీషు కాగితం. చుట్టూ చూసి, వేరే ఎవరూ లేకపోయేసరికి, “ఏం నాయనా, ఇది కొంచెం చదివి చెప్తావా?” అన్నాడు. నేను ఎవరి బిడ్డనో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. వెంకన్నకు నవాబు ఉత్తరం ఇచ్చినట్లుంది నా పరిస్థితి. నాకు చదవడం వచ్చు, చదవాలా వద్దా అన్నదే తెలియలేదు. చివరకు చదివినాను. పంట అప్పు గడువు సంగతి. ఏం చేయాలో కూడా చెప్పినాను.

అట్ల మొదలైంది. ఆసుపత్రి చీటీలు, పింఛను కాగితాలు చదివిపెట్టేవాణ్ణి. ఆయన నాకు సేద్యం చెప్పేవాడు. నల్లరేగడి నెర్రెలు చూసి తేమ ఎంత లోతున ఉందో చెప్పడం, మంచు మీద జొన్న ఎట్ల పండుతుందో, బుడ్డలు పీకే అదను ఎట్ల తెలుస్తుందో ఆయన దగ్గర విన్నదే. నేను “తాతా” అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టినానో నాకే గుర్తు లేదు.

ఏడాది పోయినాక ఒకరోజు ఆయనే ఎత్తుకున్నాడు. “కొట్టాలని కొట్టలేదని నేను చెప్పను. కోపంతోనే కొట్టినా. బుడ్డల చేను ఎండిపోతాండె, కండ్లు కనబడలే. కానీ చేయి విరగాలని కాదు నాయనా. తెల్లారి వచ్చి కాళ్లు పట్టుకుందామనుకున్యా. అంతలోనే కేసు పడె. లాయరు తప్పు ఒప్పుకోవద్దు అనె. ఒప్పుకోకుండా ఇన్నేండ్లు గడిచిపాయె.”

ఈ మాట మోసుకుపోయి పెద్దనాయనకు చెప్పినాను. ఇక అంతా తేలిపోతుందని నా భ్రమ. పెద్దనాయన మండిపడినాడు. “విరిగింది నా చేయి, నీది కాదు. క్షమించేదానికి నువ్వెవడ్రా?” అన్నాడు. పది దినాలు నాతో మాట్లాడలేదు. ఆ మాట నాకు అప్పుడు కోపం తెప్పించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు సత్యం. దెబ్బ తిన్నవాడి తరఫున ఇంకొకడు క్షమించలేడు. మధ్యవాడు మాట మోయగలడు, మనసు మార్చలేడు.

నేను ఆ తరువాత ఆ సంగతి ఎత్తలేదు. తాత దగ్గరికి పోవడం మాత్రం మానలేదు, ఇంట్లో దాచనూ లేదు. కొన్ని నెలల తరువాత ఒక రాత్రి అన్నం తింటూ పెద్దనాయన ఎటో చూస్తూ, “ఆ ముసలోడికి దగ్గు తగ్గిందా?” అన్నాడు. మా అమ్మ నా వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ మరుసటి దసరా సాయంత్రం ఊళ్లో అందరూ జమ్మి ఆకు పంచుకుంటున్నారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇండ్లకు పోయి ఆకు ఇచ్చి దండం పెట్టడం వాడుక. ఆ రోజు మాత్రం పెద్దవాడే చిన్నవాడి ఇంటికి వచ్చినాడు. తాత కర్ర పట్టుకుని మా అరుగు ముందు నిలబడినాడు. పెద్దనాయన లేచినాడు. వంకరపోయిన ఆ కుడిచేయే చాపినాడు. తాత అందులో ఆకు పెట్టి, ఆ మణికట్టు పట్టుకుని చాలాసేపు వదలలేదు. పెద్దనాయన అడిగింది ఒకే మాట. “నీళ్లు అందుతాండాయా?”

“చివరికి ఎప్పుడు అందినాయిలే” అన్నాడు తాత.

పద్దెనిమిదేండ్ల పగ ఆ రెండు మాటలతో తీరింది. తాత పోయిన ఏడు కాలం చేసినాడు. పాడె మోసినవాళ్లలో మా పెద్దనాయన ఒకడు. చేయి ఇప్పటికీ వంకరే. నీళ్ల వంతు దగ్గర ఆ ఇంటివాళ్లతో ఇప్పటికీ మాట మాట అనుకుంటారు. కాని మాట ఉంది.

క్షమ అంటే ఏది కాదు

ఇక్కడ కొన్ని అపోహలు తీర్చుకోవడం అవసరం.

క్షమ మరపు కాదు. మా పెద్దనాయన మరచిపోలేదు, మరచిపోవడానికి ఆ చేయి ఒప్పుకోదు. క్షమ న్యాయానికి బదులు కూడా కాదు. దక్షిణాఫ్రికాలో ముందు శిక్ష పడింది, ముందు సత్యం బయటపడింది, ఆ తరువాతే క్షమ వచ్చింది. బలవంతుడు బలహీనుడి మెడ మీద కాలు పెట్టి “క్షమించు” అంటే అది క్షమ కాదు, రెండో అన్యాయం. మా సీమలో కక్షల పేరిట తండ్రుల పగను కొడుకుల చేతికిచ్చి ఎన్నో ఇండ్లు ఆర్పుకున్నాం. అట్లాంటిచోట చట్టం తన పని చేయాల్సిందే.

క్షమకు కావలసినవి స్థూలంగా నాలుగు. తప్పు చేసినవాడు సాకులు లేకుండా ఒప్పుకోవాలి. తాత “కోపంతోనే కొట్టినా” అన్నాడు గనుకే ఆ మాటకు విలువ వచ్చింది. ఆ ఒప్పుకోలును తీర్పు చెప్పకుండా వినేవాడు ఒకడుండాలి. దెబ్బ తిన్నవాడికి కావలసినంత కాలం ఇవ్వాలి, తొందర పెట్టకూడదు. చివరకు ఇద్దరూ ఎదురుపడడానికి పరువు పోని ఒక సందర్భం ఉండాలి. ఆదోనిలో అది నవాబు సభ, మా ఊళ్లో దసరా పండుగ. మన పూర్వులు జమ్మి ఆకు, పీర్ల పండుగ, ఊరి జాతర వంటివి ఊరికే పెట్టలేదేమో అనిపిస్తుంది. అలిగినవాళ్లు ముఖం చూసుకోవడానికి ఏడాదికి ఒకసారి దొరికే సాకులవి.

ఈ నాలుగింటిలో రెండవదాన్ని మనం చేయగలం. అంటే వినడం. అందుకు డిగ్రీ అక్కరలేదు, వయసు అడ్డం కాదు. పైగా చిన్న వయసే అర్హత.

మిత్రులారా, సెలవులకు ఇండ్లకు పోతాం. రచ్చకట్ట మీద, వేపచెట్టు కింద, ఆసుపత్రి వరండాలో ఎవరో ఒక ముసలివాడు చేతిలో చదవలేని కాగితం పట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆయన మన ఇంటికి అయినవాడే కానక్కరలేదు. ఆ కాగితం చదివిపెట్టండి. ఆ తరువాత బస్సు వచ్చిందని లేవకుండా ఇంకాసేపు కూర్చోండి. ఆయన మెల్లగా ఏదో చెప్పడం మొదలుపెడతాడు. వినండి. మన ఇంట్లో చెప్పని సంగతి ఒకటి అందులో ఉండవచ్చు.